ఒళ్ళు ఒకటి, తలలు రెండు

మా బొమ్మల షెడ్డు మేస్త్రి గారు పోయిన కబురు వచ్చేసరికి నేను బాపట్లలో నిచ్చెన ఎక్కి ఉన్నాను. దిమ్మె మీద నిలబెట్టిన పదడుగుల బొమ్మకి పాదాల దగ్గర బోల్టులు బిగిస్తున్నాను. తెనాలి నుంచి మా వ్యాను డ్రైవరు బాబాయి ఫోను చేశాడు. "అమ్మాయ్, మేస్త్రి గారు పోయారు. షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని టీ తాగుతూనే పోయారమ్మా. గ్లాసు కూడా కింద పడలేదు" అన్నాడు. నేను ఫోను చొక్కా జేబులో పడేసుకుని, మిగిలిన రెండు బోల్టులూ బిగించాను. బిగించకుండా దిగితే పోయిన మనిషైనా లేచొచ్చి తిట్టేవారు. దిగాక మాత్రం ఆ నిచ్చెనని కాలితో ఒక్క తన్ను తన్నాను. బొటనవేలి గోరు చిట్లి రక్తం కారింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నెల దాటినా ఆ కోపం తగ్గలేదు. అది తగ్గేలోపే ఇది రాయాలని కూర్చున్నాను.

కోపం ఎవరి మీదంటారా? ముందుగా ఫ్లెక్సీ కట్టినవాళ్ళ మీద. 'కళామతల్లి ముద్దుబిడ్డకు కన్నీటి నివాళి' అని షెడ్డు ముందు ఎవరో కట్టించారు. మేస్త్రి గారు బతికుండగా ఆ మాట అన్నవాళ్ళని వదిలిపెట్టేవారు కాదు. "ఆ తల్లి నాకు ఏనాడన్నా అన్నం పెట్టిందంటయ్యా? మట్టి తొక్కితే అన్నం వచ్చింది. నన్ను మేస్త్రీ అను, చాలు" అనేవారు. ఆయన సాధువు కాదు, శాంతమూర్తి అసలే కాదు. నోరు తెరిస్తే తిట్టు. ఆ ఫ్లెక్సీ నేనే చింపాను.

నాది భట్టిప్రోలు. నాట్లు వేసుకుని బతికేదాన్ని. ఒక ఏడు కాలవకి నీళ్ళు సరిగా రాక పనులు లేకపోతే, ప్లాస్టరు కలిపే పని ఉందంటే తెనాలి వచ్చాను. మొదటి రోజే ఆయన గునపం తీసుకుని, రెండు రోజులు కష్టపడి చేసిన మట్టి బొమ్మ మెడ మీద ఒక్క పోటు పొడిచారు. తలకాయ ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. మట్టి పెళ్ళ ఒకటి నా చెంపకి తగిలింది. "మనిషి మెడేనా ఇది? కరెంటు స్తంభం!" అని అరిచారు. బాబోయ్, పిచ్చివాడి దగ్గరికి వచ్చిపడ్డాను రా దేవుడా అనుకున్నాను. మధ్యాహ్నం ఆ పిచ్చివాడే ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి "తిన్నావా?" అని అడిగి, అందరూ తిన్నారన్నాక తను క్యారేజీ విప్పారు.

మనుషుల మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. ఆయన కొట్టేది మట్టినీ, తననీ. నాకు మొహం చెయ్యడం నేర్పింది ఎలాగనుకున్నారు? ఫెడీమని తన చెంప మీద తనే కొట్టుకుని, "చూశావా? కండ ఎక్కడ కదిలింది, ఎక్కడ కదల్లేదు? మళ్ళీ చూడు" అని మళ్ళీ కొట్టుకునేవారు. చెంప కందిపోయేది. నాకు అర్థమయ్యేదాకా కొట్టుకునేవారు. నాకు త్వరగా అర్థం కావడానికి కారణం తెలివి కాదండీ, ఆ చెంపని చూడలేకపోవడం.

బొమ్మ ఎంత బాగుందని ఆయన ఎప్పుడూ అడిగేవారు కాదు. "దీంతో ఎన్ని పొయ్యిలు వెలిగాయి?" అని అడిగేవారు. మట్టి తోలే ట్రాక్టరు వాడి ఇంట్లో పొయ్యి. లోపల ఇనుప చట్రం కట్టే వెల్డరు ఇంట్లో పొయ్యి. అచ్చులో ఫైబరు పరిచే ఆడవాళ్ళవి, రంగులు వేసేవాడిది, వ్యాను డ్రైవరు బాబాయిది, దిమ్మె కట్టే తాపీవాడిది, ఆవిష్కరణ రోజు టెంటు వేసేవాడిది, మైకు పెట్టేవాడిది, దండలు గుచ్చే ముసలమ్మది. మేం వినాయకుళ్ళనీ చేశాం, సిలువ మోసే ప్రభువునీ చేశాం, చనిపోయిన నాయకుల్నీ చేశాం. ఎవరిని చేసినా ఆయన లెక్క పొయ్యిలే.

ఇక్కడ మా షెడ్డు గుట్టు ఒకటి విప్పాలి. విప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. నాయకుల బొమ్మలన్నిటికీ మా దగ్గర ఒళ్ళు ఒకటే. లాల్చీ, పంచె, భుజం మీద కండువా, జోడించిన చేతులు. ఆ ఒంటికి ఒక అచ్చు ఉండేది. ఎవరు ఆర్డరిచ్చినా అందులోంచి ఒళ్ళు తీసి, తలకాయ మాత్రం కొత్తగా చేసి అతికించేవాళ్ళం. ఊరి కమిటీలు వేసుకునే చందాలకి ఒక్కో నాయకుడికి ఒక్కో ఒళ్ళు చెయ్యడం అయ్యేపని కాదు. "మెడ కింద అందరూ ఒకటేనమ్మా, దండలు వేసేవాళ్ళకి మొహం చాలు" అనేవారు మేస్త్రి గారు. ఆ అచ్చు ఒకసారి పగిలితే అతికించాం. దాంతో ఎడమ మోకాలి దగ్గర పంచె మీద ఒక అడ్డగీత పడింది. ఆ గీత చూస్తే మా బొమ్మని మేం ఎక్కడైనా గుర్తుపట్టేవాళ్ళం. ఇంకెవరూ గుర్తుపట్టరనుకున్నాం.

రేపల్లె దగ్గర ఒక ఊరు. పేరు చెప్పను. అక్కడ తూర్పు వీధికీ పడమటి వీధికీ పడదు. తూర్పు వీధివాళ్ళు తమ నాయకుడి బొమ్మ మా దగ్గరే చేయించి రోడ్డుకి ఒక పక్క పెట్టుకున్నారు. ఏడాది తిరిగాక పడమటి వీధివాళ్ళు తమ నాయకుడి బొమ్మకి ఆర్డరిచ్చి, రోడ్డుకి ఇవతల దిమ్మె కట్టుకున్నారు. ఆ రెండో బొమ్మకి తలకాయ అతికించే పని మేస్త్రి గారు మొదటిసారి నా చేతికి అప్పగించారు. నా ఆనందం చూడాలి! పడుకోబెట్టిన బొమ్మ పొడవునా కనపడేలా ఫోను ఒక డబ్బాకి ఆనించి, ప్లాస్టరు పట్టిన నా చేతులు తలకాయని మెడ మీద కూర్చోబెట్టడం వీడియో తీశాను. అందులో నా చేతులే పడ్డాయి, మొహం పడలేదు. మా చెల్లెలు చూస్తుందని స్టేటస్ పెట్టాను. నా మొహం తగలెయ్య, అంతే నేను చేసింది.

అది చేతులు మారి మారి ఆ ఊరికి చేరింది. ఎవరో రెండు బొమ్మల ఫొటోలూ పక్కపక్కన పెట్టి, మోకాలి దగ్గర గీతకి ఎర్ర సున్నా చుట్టారు. ఈ సంగతేదీ మాకు తెలియదు. మర్నాడు పొద్దున్నే బొమ్మని వ్యాను ఎక్కించుకుని, మేస్త్రి గారు, డ్రైవరు బాబాయి, నేను, ఇద్దరు ఫిట్టర్లు బయల్దేరి వెళ్ళాం. ఊరి మొదట్లోనే, దిమ్మెల దగ్గర, రోడ్డుకి అడ్డంగా ట్రాక్టరు నిలబెట్టి ఉంది.

"ఏయ్ మేస్త్రీ! మా పెద్దాయన ఒళ్ళు తెచ్చి వీళ్ళ పెద్దాయనకి తగిలించావంట్రా?" అని తూర్పు వీధివాళ్ళు మీదకొచ్చారు. ఆర్డరిచ్చిన పడమటి వీధివాళ్ళు మమ్మల్ని కాస్తారనుకున్నాను. వాళ్ళ పెద్దమనిషి ముందుకొచ్చి, "వాళ్ళు వాడిన ఒళ్ళు మాకు అంటగడతావా? మేమంటే అంత అలుసా?" అని మేస్త్రి గారి చొక్కా పట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు వీధులూ ఆ పూట ఒక్కటయ్యాయి. దేనికి? మమ్మల్ని కొట్టడానికి!

తాళ్ళు కోసి బొమ్మని రోడ్డు మీదకి లాగారు. సమ్మెటతో మొహం మీద కొట్టారు. నేను అతికించిన తలకాయ మూడు దెబ్బలకి ఊడింది. పెట్రోలు పోసి అంటించారు. ఫైబరు కాలితే ఎలా ఉంటుందో మీరు చూసి ఉండరు. నల్లటి పొగ గొంతులో గీరుకుపోతుంది, మంట బొట్లు బొట్లుగా కారుతుంది. తూర్పు వీధివాళ్ళు ఆ ఊపులోనే వెళ్ళి, తమ బొమ్మని కూడా మైలపడిందని తామే పడగొట్టుకున్నారు. డ్రైవరు బాబాయిని వ్యాను చక్రం పక్కన పడేసి కాళ్ళతో తొక్కారు. ఒక ఫిట్టరు చెవి తెగింది. ఇంకొకతను పొలంలోకి పరిగెత్తి బురదలో పడితే అక్కడే కర్రలతో బాదారు. నన్ను జుట్టు పట్టుకుని లాగారు.

"ఆ వీడియో తీసి మా పరువు తీసిందెవరు?" అని అడిగాడు ఒకడు. ఫోను నా జాకెట్టులో ఉంది.

"నేనే తీశా. నా ఫోన్లోనే తీశా. అదుగో, ఆ మంటలో పడింది" అన్నారు మేస్త్రి గారు.

ఆయన దగ్గరుండేది బటన్ ఫోను. కెమెరా ఎటువైపు ఉంటుందో కూడా ఆయనకి తెలియదు. ఆ మాట అంటూ నా వైపు చూడనైనా లేదు. తూర్పు వీధి మనిషి ఒకడు, ఆరడుగులవాడు, మా వ్యానులోంచి మా గునపమే తీశాడు. ఇంకో ఇద్దరు మేస్త్రి గారి కుడిచెయ్యి లాగి ఖాళీ దిమ్మె మీద పెట్టి అదిమిపట్టారు. "ఈ చేత్తోనేగా చేశావ్!" అని దించాడు. ఆ చప్పుడు గురించి రాయలేను. మూడు వేళ్ళు నుజ్జయ్యాయి. ఆయన ఒక్కసారే కేక పెట్టారు. తీసింది నేనేనండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. నేను అనలేదు. ఇది చదువుతున్న మీరు నన్నేమనుకున్నా సరే, అది నిజం.

తెనాలి ఆసుపత్రిలో కట్టు కట్టారు. వేళ్ళు ఉన్నాయి గానీ కొంకర్లు తిరిగి, బిగుసుకుపోయి, మట్టి ముద్దని కూడా పట్టలేని వేళ్ళు. పోలీసులు కేసు రాజీ అన్నారు. మేస్త్రికి ఊళ్ళోనే శిక్ష పడిపోయింది కాబట్టి ఇక షెడ్డు జోలికి రామని ఆ రెండు వీధులవాళ్ళూ అన్నారు. శిక్ష అట! ఎవరు వేశారండీ, ఎవరికి?

నష్టపరిహారం ఏదైనా వస్తుందేమోనని, గొడవ జరిగింది రేపల్లె వైపు కాబట్టి, దానికి జిల్లా కేంద్రమైన బాపట్లలో ఒక ఆఫీసుకి వెళ్ళాం. గుమాస్తా ఫారం తీశాడు. వ్యవసాయం, చేపల వేట, చేనేత, ఇలా గడులున్నాయి.

"మీది ఏ పరిశ్రమండీ?"

"బొమ్మలండి."

"బొమ్మలంటే కళ కదండీ. పరిశ్రమ కిందకి రాదు. సన్మానం లాంటిదేమైనా కావాలంటే వేరే చోట అప్లై చేసుకోవచ్చు."

మేస్త్రి గారు కట్టు కట్టిన చెయ్యి బల్ల మీద పెట్టారు. "శాలువాతో కట్టు కట్టుకోమంటారా?" అన్నారు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. ఈసారి తెనాలి నుంచి పాసింజరు బండిలో అందరం వెళ్ళాం. వెల్డరు, తాపీవాడు, రంగులవాడు, కుంటుకుంటూ డ్రైవరు బాబాయి, ఫైబరు పరిచే ఆడవాళ్ళు, మైకువాడు, దండల ముసలమ్మ. వరండా నిండిపోయింది. తన పని మీద వచ్చి బెంచీ మీద కూర్చున్న పేరాల ఊరి నేతాయన ఒకాయన మమ్మల్ని చూసి, "మాకు గడి ఉందమ్మా. అందులో రాయడానికే ఏమీ మిగల్లేదు" అని నవ్వాడు. గోల విని లోపలి నుంచి ఆఫీసరమ్మ బయటికి వచ్చింది.

"ఇదిగోండమ్మా పరిశ్రమ" అన్నారు మేస్త్రి గారు. "పొగగొట్టం లేదు కాబట్టి మీకు కనపడలేదు. ఆ ఊళ్ళో కాలింది నా బొమ్మ కాదు, వీళ్ళ పొయ్యిలు. దేశంలో పండగొచ్చినా, ఎలక్షనొచ్చినా, మనిషి పుట్టినా, పోయినా, మాలాంటివాళ్ళు లేకుండా జరిగేది ఒక్కటి చెప్పండి. బొమ్మ చేసేవాడు, డప్పు కొట్టేవాడు, వేషం కట్టేవాడు, బట్ట నేసేవాడు. మేం సంపాదించి మార్కెట్టులో ఖర్చుపెట్టేది కూడా కళేనా? కిరాణా కొట్టువాడు తీసుకోకుండా ఉంటాడా?"

ఆవిడ మంచిదే. కుర్చీ వేయించి ఆయన్ని కూర్చోబెట్టింది. ఫారం అటూ ఇటూ తిప్పి, "నా దగ్గరా గడి లేదండీ" అంది. చివరి గడిలో 'ఇతరములు' అని రాసింది. పరిహారం రాలేదు. ఇప్పటికీ ఎక్కడైనా ఆ మాట కనిపిస్తే నా ఒళ్ళు మండిపోతుంది. ఇంత దేశం మా చేతుల మీద ముస్తాబవుతుంటే మేం ఇతరములమా?

ఆ తర్వాత షెడ్డు మూతపడింది. వెల్డరు రొయ్యల చెరువుల మీద కాపలాకి వెళ్ళాడు. రంగులవాడు గోడలకి సున్నం వేశాడు. నేను మళ్ళీ నాట్లకి వెళ్ళాను. నెలల తర్వాత, ఎవరు వచ్చారనుకున్నారు? ఆ రెండు వీధులవాళ్ళే. నాయకుల వర్ధంతులు దగ్గరపడుతున్నాయి, దిమ్మెలు ఖాళీగా ఉన్నాయి, ఆ ఊరి గొడవ విని ఇంకే షెడ్డువాళ్ళూ ఒప్పుకోలేదు. ఒక వీధివాళ్ళు పొద్దున వస్తే రెండోవాళ్ళు మధ్యాహ్నం వచ్చారు. షెడ్డు తలుపులు మళ్ళీ తెరవాలంటే ఆ రెండు బొమ్మలే దిక్కు.

నేను మండిపడ్డాను. "మీ చెయ్యి విరగ్గొట్టినవాళ్ళకి బొమ్మ చేస్తామా? సిగ్గులేదా మనకి?" అన్నాను.

"చెయ్యి నాది. ఆకలి అందరిదీ. నోరు మూసుకుని మట్టి తొక్కు" అన్నారు.

చెదిరిపోయిన పనివాళ్ళందరినీ వెనక్కి పిలిపించారు. పాత అచ్చుని ఆయనే ఎడమచేత్తో సమ్మెట ఎత్తి పగలగొట్టారు. రెండు వీధులకీ ఒకటే షరతు పెట్టారు. "కొత్త ఒళ్ళు కావాలంటే ఎదురుగా మనిషి నిలబడాలి. భుజాలు బాగున్నవాణ్ణి పంపండి" అన్నారు. తూర్పు వీధిలో అందరికన్నా భుజాలు బాగున్నవాడు ఆ గునపం మనిషే. వాణ్ణే పంపారు. షెడ్డు గుమ్మంలో ఆగిపోయాడు. మేస్త్రి గారు ఒక్క క్షణం చూసి, "రా నాయనా, లాల్చీ వేసుకో" అన్నారు.

రెండు రోజులు చేతులు జోడించి నిలబడ్డాడు. మేస్త్రి గారు పక్కన కూర్చుని చెబుతుంటే నేను మట్టి పెట్టాను. మూడో రోజు పొద్దున చేతుల దగ్గరికి వచ్చాం. లావుపాటి వేళ్ళు, మూటలు మోసి కాయలు కాసిన అరచేతులు. ఆ వేళ్ళని నేను మట్టిలో ఒక్కొక్కటే చెయ్యాలి. నా చేతిలో చెక్కకత్తి ఉంది. దాంతో ఏం చెయ్యాలనిపించిందో మీకు చెప్పక్కర్లేదు.

"మేస్త్రి గారండీ, ఒకటడగనా?" అన్నాడు అతను ఉన్నట్టుండి. "ఆ వీడియో మీరు తీయలేదు కదండీ? మీకు బటన్ ఫోనేనంట. మా వీధిలో ఇంకా అనుకుంటున్నారండి. అసలువాళ్ళు దొరికితే ఈసారి షెడ్డే ఉండదంటున్నారు."

"నేనే తీశా" అన్నారు మేస్త్రి గారు. వెంటనే ఎడమచెయ్యి కూడా ముందుకి చాపారు. "నమ్మకం లేకపోతే ఇదిగో, ఇది కూడా ఉంది."

ఇక నావల్ల కాలేదు. నేను మాట్లాడితే రెండు బొమ్మలూ పోతాయి. షెడ్డు కాలుతుంది. ఇన్ని పొయ్యిలు ఆరతాయి. నా వేళ్ళూ పోతాయి. అన్నీ తెలుసు. ఆ ఎడమచెయ్యి అలా గాలిలో ఉంటే మాత్రం చూడలేకపోయాను.

"నేను తీశా. ఆయనకేం తెలియదు. ఆ చేతులు నావి" అన్నాను.

ప్లాస్టరు జల్లెడ పడుతున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది. వెల్డరు లేచి నిలబడ్డాడు. అతను నన్ను చూశాడు. జోడించిన చేతులు విడిపోయాయి. మెల్లగా కిందకి దిగుతున్నాయి. కుడిచెయ్యి పిడికిలి అవుతోంది.

"చేతులు దించావంటే ఊరుకోను!" అని మేస్త్రి గారు అరిచిన అరుపుకి రేకులు అదిరాయి. "ఇక్కడ పని జరుగుతోంది! ఆ చేతులు జోడించు!"

అరుస్తూ ఆయన వేలు చూపించారు. అలవాటుగా కుడిచెయ్యే లేచింది. చూపించడానికి అందులో చూపుడువేలు తిన్నగా లేదు. కొంకర్లు తిరిగిన ఆ మూడు వేళ్ళూ అతని మొహానికి జానెడు దూరంలో ఉన్నాయి. అతను వాటినే చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపని చెప్పను?

అతని చేతులు మళ్ళీ పైకి లేచాయి. కలిశాయి.

"నువ్వేం చూస్తున్నావే? బొమ్మకి ఆ చూపుడువేలు లావైంది, మట్టి తియ్యి" అని మేస్త్రి గారు నన్ను కసురుకున్నారు. నేను తీశాను. ఆ సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు, పోయేదాకా ఎత్తలేదు. అతను ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. రెండు బొమ్మలూ లేచాయి, షెడ్డు ఈ రోజుకీ నడుస్తోంది.

మేస్త్రి గారంటే నాకు కుర్చీలో పోయిన మనిషి గుర్తురారు. ఆ పొద్దుటే గుర్తొస్తుంది. నాకెదురుగా లాల్చీ వేసుకున్న ఆరడుగుల మనిషి. అతని చేతులు మోచేతుల దాకా వణుకుతున్నాయి. వణికే చేతులకి కొలత అందదు. మేస్త్రి గారు లేచి వెళ్ళి, విరిగిన ఆ కుడిచేతినే అతని మోచేతుల కింద ఆసరాగా పెట్టారు. మధ్యాహ్నం అన్నాల వేళ దాకా అలాగే పట్టుకుని నిలబడ్డారు.